చెయ్యి పట్టి రాయించని బాయి

మా బాయి పోయారు. సోమవారం పొద్దున నల్లా వచ్చే వేళకు ఆమె తమ్ముడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి చెప్పాడు. ముంబై కామాఠీపురాలో మేం పంతులమ్మను బాయి అంటాం. చిన్నప్పుడు నాకు అక్షరాలు నేర్పిందీ, పెద్దయ్యాక పసిపిల్లల బడి బాల్వాడీలో తన పక్కన పనికి పెట్టుకున్నదీ ఆమే. ఆ రోజు గది తెరవకూడదనుకున్నాను. కిందికి దిగేసరికి పిల్లలు చెప్పులు విప్పుకుని తలుపు ముందు నిలబడి ఉన్నారు. తాళం తీశాను.

మా బాల్వాడీ, వరసగా అద్దెగదులుండే చాల్ కింది అంతస్తులో ఒకే ఒక్క ఖోలీ, ఒక గది. గోడ పొడుగునా పిల్లల చేతికందే ఎత్తులో అరలు, వాటి మీద స్టీలు పళ్లేలు. ఒక పళ్లెంలో కలగలిపిన రాజ్మా, శనగలు ఉంటాయి. ఇంకోదాంట్లో బాయి నాగ్‌పాడా వర్క్‌షాపుల్లో అడిగి తెచ్చిన నట్లు, బోల్టులు. ఒకదాంట్లో రెండు గ్లాసులు, కాసిని నీళ్లు. మరోదాంట్లో వేలితో రాసుకోవడానికి ఇసుక. ఏ పిల్లకు నచ్చిన పళ్లెం ఆ పిల్ల తెచ్చుకుని, గోనెముక్క పరుచుకుని, ఒక్కతే పని చేసుకోవాలి. నీళ్లు ఒలికితే గుడ్డ తెచ్చి తనే తుడుచుకోవాలి. అయిపోతే "బాయి, ఝాలా!" అని అరిచి, పళ్లేన్ని తీసిన చోటే పెట్టాలి.

అంతసేపూ బాయి రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవారు. కొత్తవాళ్లు చూస్తే ఆమెకు చలేస్తోందనుకోవాలి, ముంబైలో చలేమిటి! ఒకసారి అడిగితే, "లేకుంటే ఇవి ఊకుంటయా? పోయి ఆ పోరి బోల్టు తిప్పి పెడ్తయి" అన్నారు. నా చిన్నప్పుడు ఫ్రాకు గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంటే, అలాగే ఇంటికి పంపించారు. మా అమ్మ తిట్టిపోసింది. మర్నాడు నేను సరిగ్గా పెట్టుకున్నాను.

తల్లులకు ఇదంతా నచ్చేది కాదు. "పప్పులు ఏరుడు ఇంట్ల గూడ ఉంది గద బాయి, దానికి బాల్వాడీ ఎందుకు?" అని ఒకావిడ దులిపేసింది. బాయి నవ్వి, "ఇంట్ల నీ పని చేస్తది. ఈడ తన పని చేస్తది" అన్నారు.

పోయిన వానాకాలం బాయి కళ్ల ఆపరేషన్ చేయించుకుని దాదర్‌లో చెల్లెలింట్లో రెండు నెలలు ఉండిపోయారు. గది నా చేతికొచ్చింది. తల్లులంతా నా మీద పడ్డారు. పక్క గల్లీ పిల్లలు నోటుబుక్కులు నింపేస్తున్నారట, మన పిల్లలకు పెద్ద స్కూల్లో సీటు ఎట్లా వస్తుందని. నాకూ భయం వేసింది. అబద్ధమెందుకు, మంచి పేరు తెచ్చుకోవాలనీ ఉంది. పళ్లేలన్నీ ఓ మూలకు తోసి నోటుబుక్కులు పంచాను. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని పేజీలకు పేజీలు రాయించాను. తల్లులు మురిసిపోయారు.

బాయి తిరిగొచ్చి, నల్లకళ్లద్దాలు తీసి, పుస్తకాలన్నీ ఓపిగ్గా తిరగేశారు. "బాగున్నయి బిడ్డా. అన్నిట్ల నీ దస్తూరే ఉంది" అన్నారు.

తర్వాత పాలమూరు పిల్లను పిలిచారు. దాని తల్లిదండ్రులు వెనక గల్లీలో లేస్తున్న బిల్డింగులో కూలి పని చేసేవాళ్లు, పని అయిపోతే ఇంకోచోటికి పోయేవాళ్లు. ఆ పిల్ల మీద బాయికి ప్రత్యేకంగా మనసుండేది. "ఇది ఏ ఊరు పోతదో, ఆడ చెప్పేటోళ్లు ఉంటరో ఉండరో. తనంతట తాను నేర్చుకునుడు వస్తే ఏడన్న బతుకుతది" అనేవారు. ఆపరేషన్‌కు బాయి వెళ్లేముందు అది ఇసుకలో వంకరటింకరగా తన పేరులో మొదటి అక్షరం రాసేది. ఇప్పుడు ఇసుక పళ్లెం ముందు కూర్చోబెడితే, చెయ్యి నావైపు చాపి ఊరుకుంది. పట్టుకుంటానని ఎదురుచూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

బాయి ఆ మర్నాటి నుంచి రోజూ ఆ పిల్ల ఎదురుగా ఇసుక పళ్లెం పెట్టుకుని కూర్చున్నారు. అది వేలు ఇసుకలో పెట్టేది, మా ముఖాలు చూసేది, తీసేసేది. మూడు వారాలకు బిల్డింగు పని అయిపోయింది. వాళ్లు మూటలు సర్దుకుని వెళ్లిపోయారు. పిల్ల ఒక్క అక్షరమూ రాయకుండానే పోయింది.

చలికాలంలో బాయి మంచం పట్టారు. సాయంత్రాలు గ్రాంట్ రోడ్ నుంచి బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లేదాన్ని. శనివారం వెళ్తే, నీరసంగానే, "ఆ పాలమూరు పిల్ల ముచ్చట ఏమన్న తెల్సిందా?" అని అడిగారు.

ఏమీ తెలియదు. కానీ ఆ మొహం చూసి ఆ మాట చెప్పలేకపోయాను.

"వాళ్లమ్మ ఫోన్ల ఫోటో పంపింది బాయి. పలక మీద పేరు రాసిందట."

ఆమె కళ్లు వెలిగాయి. "ఎవరన్న చెయ్యి పట్టిండ్రా?"

"లేదు బాయి. తనే రాసుకుంది."

"తప్పులేమన్న ఉన్నయా?"

ఆమెను ఇంకా సంతోషపెట్టాలనిపించింది. "ఒక్క తప్పు లేదు బాయి. ముత్యాల్లెక్క రాసింది" అన్నాను.

ఐదేళ్ల పిల్ల సొంతంగా పేరు రాసుకుంటే ఓ గుడి ఎగిరిపోతుంది, ఓ కొమ్ము అటుది ఇటు తిరుగుతుంది. బతుకంతా ఆ రాతలు చూసిన మనిషికి నేను ఒక్క తప్పు లేదని చెప్పాను. బాయి నా కళ్లలోకి చూశారు. "సరే బిడ్డా" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. మర్నాడు ఆసుపత్రివాళ్లు నన్ను లోపలికి వదల్లేదు. నాకు మిగిలింది గోడవైపు తిరిగిన ఆ వీపే.