నూట నలభై రెండేళ్ళ వాయిదా

ఆ రోజుల్లో ప్రపంచంలోని ఏ తగువునైనా లెక్కవేసి తేల్చవచ్చని నా గట్టి నమ్మకం. పదో తరగతితో చదువాపి, పాత పుస్తకాలతో సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. (అలా నేర్చినవాడికి గర్వం కాస్త ఎక్కువే.) దోహాలో, ఉమ్ ఘువైలినాలోని మా గదిలో ముగ్గురం. కాకినాడ దగ్గర బళ్ళో సైన్సు చెప్పి వచ్చి కంపెనీలో టైమ్‌కీపరైన మాస్టారు, కరీంనగర్ డ్రైవర్ భాయ్, నేను. ప్రతి శుక్రవారం భాయ్ బిర్యానీ వండేవాడు. దానికోసమే వారమంతా బతికేవాళ్ళం.

ఒక శుక్రవారం మాస్టారు పేపరు మడిచి, "బళ్ళో జీవపరిణామం చెప్పాలా, దేవుడి సృష్టి చెప్పాలా అని అమెరికావాళ్ళు కోర్టుకెక్కారటండీ! సైన్సు క్లాసులో సైన్సేగా చెప్పాలి?" అన్నారు.

"అంటే మీ తాత కోతి అని పిల్లగాండ్లకు చెప్తరా, మాస్టర్ సాబ్?"

"తాత కాదండీ బాబూ. మనకీ కోతికీ ముత్తాత ఒకడే!"

"అయితే ఆ ముత్తాతనే వండిపెట్టుమనుండ్రి. ఇయ్యాల బిర్యానీ మాఫీ!"

ఆ తర్వాత రెండు శుక్రవారాలు పొయ్యి మీద పప్పు, గదిలో మౌనం. "ఉప్పు అందివ్వమను" అన్న మాట కూడా నా ద్వారానే నడిచేది. చివరికి ఎవరికి వారు వచ్చి నన్నే జడ్జిని చేశారు. తీర్పు ఎటు చెప్పినా ఒక స్నేహం పోతుంది, బిర్యానీ ఎలాగూ పోతుంది.

మూడో శుక్రవారం పొద్దున చేపల కోసం భాయ్ బండిలో అల్ రువైస్ రేవుకి బయలుదేరాం. దారిలో టైరు మారుస్తుంటే, మాస్టారు ఒక రాయి తీసి నాకు చూపించారు. కనుచూపుమేర సముద్రం లేదు. రాయి నిండా గవ్వలు.

"కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రమండీ."

భాయ్ ఆ రాయిని రెండు చేతులతో అందుకుని చాలాసేపు చూశాడు. "సుభానల్లా," అన్నాడు మెల్లగా.

"నాకూ అలానే ఉందండీ, భాయ్," అన్నారు మాస్టారు. మూడు వారాల్లో నేరుగా అన్న మొదటి మాట.

భూమి వయసెంతని అడిగాను. నాలుగు వందల యాభై కోట్ల ఏళ్ళన్నారు. ఏడాదికి ఒక సెకను చొప్పున, తిండీ నిద్రా లేకుండా లెక్కపెడితే ఎంతకాలమో ఇసుకలో వేలితో వేశాను. నూట నలభై రెండేళ్ళ పైచిలుకు! మూడుసార్లు వేసినా అంతే. అంత పెద్ద కాలం ముందు నేనెంత, నా లెక్కెంత?

"తీర్పు వాయిదా. వయసు లెక్కపెట్టడానికే నూట నలభై రెండేళ్ళు కావాలి," అన్నాను.

"అందాక ఉపాసం ఉంటమా? యల్లా, ఎక్కుండ్రి! ఇయ్యాల చేపల బిర్యానీ," అన్నాడు భాయ్.

ఆ రాయి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి, ఇంకా నూట పద్నాలుగున్నాయి. అప్పుడప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని ఒకటి నుంచి మొదలుపెడతాను. జడ్జిగారు మూడు వందలు దాటకుండానే కునుకు తీస్తున్నారు.