కాక దాచుకున్న దగ్గు

మా మిల్లు కాలనీలో దగ్గు గురించి బయట మాట్లాడకూడదు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. అయినా అందరం పాటించేవాళ్లం. దూదిని ఏకే కార్డింగ్ విభాగం కార్మికులు షిఫ్టు దిగగానే, గొంతులో పేరుకున్న దుమ్ము దిగిపోతుందని బెల్లం ముక్క నమిలేవారు. సూపర్‌వైజర్ ఎదురైతే దగ్గును తువ్వాలలో అదిమిపెట్టేవారు. అది బయటపడితే డాక్టరు పరీక్ష, ఆ వెనుక పనికి తగడన్న కాగితం, కాగితంతో పాటు క్వార్టరు ఖాళీ.

పక్క క్వార్టరులోని కార్డింగ్ కార్మికుణ్ణి నేను కాకా అని పిలిచేదాన్ని. రిటైరు కావడానికి ఆయనకింకా మూడేళ్లుంది. నీళ్ల బిందెతో నాలుగు మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగేవాడు. ఆ మూడేళ్లు గడిస్తే చాలని, నేను చిన్నమ్మ అని పిలిచే ఆయన భార్య మా అమ్మతో అంటూండేది.

అప్పుడు నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. ప్రత్యక్ష ఉదాహరణ లేని వాదన నిలవదని కాలేజీ చర్చాపోటీలు నాకు నేర్పాయి. ఆ యేడు గణపతి మండపం దగ్గర కాలనీవాళ్లు కూడా ఒక చర్చాపోటీ పెట్టారు. పరిశ్రమ వల్ల మనిషికి మేలు జరిగిందా అన్నది అంశం. న్యాయనిర్ణేత మిల్లు మేనేజరు. జరగలేదని వాదించాను. దూది దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తోందన్నాను.

"రుజువేమిటమ్మా?" అని మేనేజరు నవ్వుతూ అడిగాడు.

ముందు వరుసలో చాప మీద కూర్చున్న కాక వైపు చేయి చాపాను. "మా కాకను చూడండి. జీవితమంతా మీ దూది పీల్చారు. ఇవాళ నాలుగు మెట్లు ఎక్కలేరు. ఇంకేం రుజువు కావాలి?"

హనుమకొండ నుంచి వచ్చిన నా స్నేహితురాళ్లు తప్ప ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాక తువ్వాలను నోటికి నొక్కుకున్నాడు. భుజాలు మాత్రం అదురుతున్నాయి. మేనేజరు మొదటి బహుమతి నాకే ఇచ్చాడు. ఇచ్చి, పక్కనున్న గుమాస్తాను కాక పేరు అడిగాడు.

వారం తిరగకుండానే కాకకు మిల్లు దవాఖాన నుంచి పిలుపు, తరువాత ఆ కాగితం వచ్చాయి. నేను ఆఫీసుకు పోయి, జబ్బు మిల్లు వల్లనే వచ్చినప్పుడు పరిహారం ఎందుకివ్వరని నిలదీశాను.

"జబ్బున్నదని రాసినమమ్మా, ఎట్లొచ్చిందో రాయలే," అన్నాడు గుమాస్తా. "మెట్లు గూడ ఎక్కలేడని మైకుల చెప్పింది నువ్వే గద!"



క్వార్టరు ఖాళీ చేసే రోజు సాయం చేద్దామని వెళ్లాను. చిన్నమ్మ నా చేతిలోని గిన్నెల మూట లాక్కుంది.

"మైకు దొరికితే మా ఇల్లే యాదికొచ్చిందా నీకు?"

"ఊకోవే. పోరి అబద్ధమాడిందా?" అన్నాడు కాక.

"ఆడినా బాగుండు! ఇంకో మూడేండ్లు తిందుము."

కాక కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మంచిగనే మాట్లాడినవ్ బిడ్డా. జర ముందుగాల నన్నొక మాట అడగకపోతివి."

తలదించుకుని వచ్చేశాను. కాశిబుగ్గలో ఒక మరమగ్గాల షెడ్డులో ఆయనకు దారం కండెలు చుట్టే పని దొరికిందనీ, అక్కడ డాక్టరు పరీక్షలేవీ ఉండవనీ తరువాత అమ్మ చెప్పింది.