ఒక్కదాన్నే సముద్రం చూడ్డానికొస్తే

రెండు రోజులు ఎవరికీ వంట చెయ్యకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా గడుపుదామని రాజమండ్రి నుంచి ఒక్కదాన్నే విశాఖ వచ్చాను. ఈ సాయంత్రం బీచ్‌లో మరమరాలతో కలిపిన మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని, పోర్టులోకి వెళ్లే ఓడల్ని చూస్తూ హాయిగా కూర్చున్నాను. పక్కనే, ఎలమంచిలి నుంచి పదిమంది కుటుంబంతో వచ్చిన ఒక మామ్మగారు నన్ను చాలాసేపు గమనించి, దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"ఒక్కద్దానివే కూకున్నావేటమ్మా? మీ ఆయన ఏటైనా అన్నాడేటి?"

"లేదండీ, ఆయనే దగ్గరుండి రైలెక్కించారు. ఊరికే తిరుగుదామని వచ్చాను."

ఆవిడ నమ్మలేదు. పులిహోర ప్లేటు నా చేతిలో పెట్టి, తింటేగానీ కదిలేలా లేరు. ఇక లాభం లేదని వీడియో కాల్ చేసి మావారిని చూపించాను. ఆయన నవ్వుతూ దణ్ణం పెట్టేసరికి మామ్మగారు నన్నూ, ఫోన్‌లో ఆయన్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత వెనక్కి తిరిగి, తన వాళ్లందరికీ వినపడేలా అన్నారు:

"ఇదుగో, ఈపాలి నానూ ఒక్కద్దాన్నే వత్తాను. మీరెవులూ రాకండి."

ఆ పదిమందీ నావైపు చూసిన చూపుకి, ప్లేటులో పులిహోర మిగిలుండగానే లేచి చెప్పులు వేసుకున్నాను. మీరే చెప్పండి, ఇందులో నా తప్పేముంది?