మూల తెగిన జాబు

మొన్న ఎవరిదో పెండ్లి పత్రిక వచ్చింది. పెండ్లికూతురి పేరు చూడకముందే నా వేళ్ళు పసుపు పూసిన నాలుగు మూలలనూ తడిమాయి, ఏ మూలైనా తెగి ఉందేమోనని. ఎనభై దాటినా పోని అలవాటిది. ఆ పసుపు వాసనతో ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధి, తలవాకిట్లో కాగే గంజి, మా చిన్నమ్మ గాజుల చప్పుడు ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి.

ఎండాకాలం ఇంకా తెలతెలవారుతుండగానే వీధి పొడవునా పడుగులు సాచి గంజి పట్టించేవాళ్ళు. ఎండ ఎక్కితే దారం పెళుసెక్కి తెగుతుందని పెద్దలు తొందరపడుతుంటే, తడి దారాల కింద దూరి ఆ పక్కకూ ఈ పక్కకూ పరుగెత్తి తిట్లు తినడం మా ఆట. వానల్లో వేడి కొర్రన్నం, పుంటికూర పప్పు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న గుడికి బస్సులో కిక్కిరిసి పోయి, బొరుగులు ఒడిలో పోసుకుని రావడం. నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, పక్కనే రాట్నం ముందు చిన్నమ్మ కండెలు చుట్టేది. మా అమ్మకు చంటిపిల్లలతోనే సరిపోయేది గనక నాకు జడ వేసేదీ, అన్నం పెట్టేదీ, పక్కలో పడుకోబెట్టుకునేదీ చిన్నమ్మే. ఆమె నా సొత్తనే అనుకునేదాన్ని.

ఆమె భర్త, అంటే మా నాయన తమ్ముడు, పెండ్లయిన ఏడాదికే మిలిటరీలో చేరి బర్మా యుద్ధానికి పోయాడట. ఆ చిన్నాయనను నేను ఎరగను. రేకుపెట్టెలో కండెదారంతో కట్టిన ఆయన జాబులను మాత్రం ఎరుగుదును. అక్కడ వాన విడవదని, రొట్టెలు బూజు పడుతున్నాయని, మగ్గం గుంటలో నీళ్ళు ఊరకుండా చూసుకోమని రాసేవాడు. పైదొరలు ప్రతి జాబూ చదివి, దండు ఎక్కడుందో బయటపెట్టే ఊరి పేర్ల మీదా, తమకు గిట్టని మాటల మీదా నల్లసిరా పూసి పంపేవాళ్ళు.

మా వైపు చావు కబురు రాస్తే కాగితానికి ఒక మూల చించుతారు. ఆ జాబును గడప దాటనివ్వరు. వీధిలోనే చదివించుకుని, అక్కడే తగలబెట్టి, తలకు పోసుకుని లోపలికి వస్తారు. చిన్నాయన అందరిలాగే పైమూలన తానున్న చోటు పేరు రాసేవాడు. ఒకసారి ఆ దొరలకు సిరా పూసే ఓపిక లేకపోయిందేమో, మూలనే కత్తిరించి పడేశారు. ఆ జాబు వచ్చిన రోజు నాయన చీరల మూటతో ఆదోని పోయి ఉన్నాడు. చదువురాని మా అవ్వ, అంటే నాయన తల్లి, కవరులోంచి కాగితం లాగింది, తెగిన మూల చూసింది, గుండెలు బాదుకుంటూ దాన్ని గంజి కాగుతున్న పొయ్యిలో వేసేసింది. నాయన వచ్చేసరికి బూడిద మిగిలింది. పదోనాడు చిన్నమ్మ గాజులు పగలగొట్టారు. అప్పటికి ఆమెకు పదిహేడేళ్ళు, నేను పాకే పిల్లను.

నెల తిరగకముందే ఇంకో జాబు వచ్చింది, తాను కులాసా అని! అవ్వ ఏడుస్తూ నవ్వుతూ వీధంతా తీపి ఓళిగలు పంచి, తన చేత్తోనే కోడలికి గాజులు తొడిగిందట. కానీ ఆ జాబు చివర చిన్నమ్మ పేరు రాసి, 'ముందు జాబులో నీకు చెప్పినట్టే' అని మొదలుపెట్టిన చోట, తర్వాతి రెండు వరుసలూ నల్లసిరా. ఏం చెప్పాడో పొయ్యికే తెలియాలి. ఆ తర్వాత జాబులు రాలేదు. యుద్ధం ముగిశాక మనిషి ఆచూకీ లేదని ఒక సర్కారు కాగితం వచ్చింది. దాని మూలలన్నీ సరిగ్గానే ఉన్నాయి. "ఒకతూరి తొందరపడి గాజులు పగలగొట్టిస్తిని. మల్లా ఆ పని సెయ్యను" అనేసింది అవ్వ.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు చిన్నమ్మ వాళ్ళ అన్న ఒక సంబంధం తెచ్చాడు. ఆదోనిలో భార్య పోయిన నేతగాడు, నెమ్మదస్తుడు. మారుమనువు మా కులంలో ఉన్నదే. నాయన సరేనన్నాడు. అవ్వ మాత్రం "వాడు ఏం రాసినాడో ఏమో" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చిన్నమ్మ నల్లసిరా పూసిన ఆ చివరి జాబు తెచ్చి నా చేతిలో పెట్టింది. మిద్దె గవాక్షంలోంచి మగ్గం మీద ఎండ పడుతోంది.

"నీ కండ్లు లేతవి పాపా. ఎండకు పెట్టి సూడు. పొమ్మని ఉంటే పోతాను, ఉండమని ఉంటే ఈడనే ఉంటాను. ఉన్నదున్నట్టు సెప్పు."

కాగితం ఎండకు పట్టాను. నలుపు తప్ప ఏమీ లేదు. ఆదోనికి పోయే బస్సు కళ్ళముందు కనబడింది, అందులో చిన్నమ్మ.

"నేను వచ్చేదాకా మా యమ్మ దగ్గరే ఉండు, అని ఉంది" అన్నాను.

చిన్నమ్మ జాబు మడిచి, "అట్లనా" అని రాట్నం ముందు కూర్చుంది. సాయంత్రం వాళ్ళన్న ఒక్కడే బస్సెక్కాడు. ఆ రోజు నేను రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేనేమో పెండ్లి చేసుకుని కర్నూలు వెళ్ళిపోయాను. ఆమె అవ్వను కడదాకా చూసుకుని సాగనంపింది, మా తమ్ముళ్ళ పిల్లలను పెంచింది. నాకు బుద్ధి తెలిసే కొద్దీ ఒకటే తొలిచేది. భార్యకు చెప్పుకున్న మాట మీద దొరలు సిరా ఎందుకు పూస్తారు? అక్కడ ఏ ఊరి పేరో ఉండి ఉంటుంది. ఆనాడు చదివింది అబద్ధమని చెప్పేయాలనే ఒకసారి పోయాను. అప్పటికి ఆమెకు చూపు మందగించింది. నేను నోరు తెరవకముందే రేకుపెట్టె నా ముందుకు తోసి, "ఆ మాట ఇంగొకతూరి సదువు పాపా" అంది. యాభై ఏళ్ళు ఆ మాట పట్టుకుని బతికిన మనిషి. మళ్ళీ అదే చదివాను.

గాజులతోనే పోయింది చిన్నమ్మ. ఆ వీధిలో ఇప్పుడు పడుగులు సాచేవాళ్ళు లేరు. మగ్గం గుంట పూడ్చి బండలు పరిచారు. రేకుపెట్టె నా దగ్గరుంది. పత్రిక వచ్చిన రోజున ఆ జాబు తీసి కిటికీ దగ్గర ఎండకు పట్టాను.

ఏమీ కనబడలేదు. ఆ పొద్దు కూడా నాకేమీ కనబడలేదు, చిన్నమ్మా.