దారిలో ఉన్న డాక్టరుగారు

గీసి గీసి బేరమాడి మరీ నష్టపు ఉద్యోగాన్ని నెత్తికెత్తుకున్న నర్సు మా వైపు నేనొక్కదాన్నే అయి ఉంటాను. గుంటూరులో పెద్ద ఆసుపత్రిలో నిక్షేపంగా పనిచేసుకుంటున్నదాన్ని, అద్దంకి అవతల ఒక చిన్న ఊళ్ళో, ఒకే డాక్టరున్న నర్సింగ్ హోముకు మారాను. జీతం పెంచమన్నాను. మేడమీద గది అద్దె లేకుండా ఇమ్మన్నాను. గ్యాసు బండ కూడా ఆయనే పెట్టుకోవాలన్నాను. డాక్టరుగారు అన్నిటికీ తలూపి, చివర్లో నా ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం తన బీరువాలో ఉంచాలన్నారు. మధ్యలో మానేసి పోకుండా అందరి దగ్గరా అలాగే తీసుకుంటారట. ఇచ్చేశాను. పిడుగురాళ్లలో మా బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. అవతలివాడు అన్నిటికీ వెంటనే ఒప్పుకుంటున్నాడంటే ఎక్కడో కొలత తగ్గుతోందని నాకు తట్టాలి. గ్యాసు బండ వచ్చిన సంతోషంలో తట్టలేదు.

ఎక్కడ తగ్గిందో చేరాక తెలిసింది. డాక్టరుగారికి పొదిలిలో ఇంకో నర్సింగ్ హోము ఉంది. ఇక్కడ నొప్పులొచ్చే వేళకు అక్కడుంటారు, అక్కడ నొప్పులొచ్చే వేళకు ఇక్కడుంటారు. ఫోను చేస్తే "దారిలో ఉన్నానని చెప్పు సిస్టర్" అనేవారు. మేం వరండాలోకెళ్ళి పేషెంట్ల తాలూకు వాళ్ళకి అదే చెప్పేవాళ్ళం. అందరిలోకీ ఆ మాట నేనే బాగా చెప్పేదాన్ని. రాని సరుకు ఇదిగో వచ్చేస్తోందని గిరాకీని కూర్చోబెట్టడం మా ఇంట్లో అందరికీ వచ్చు. డాక్టరుగారు ఇప్పుడే ఏ ఊరు దాటారో కూడా కలిపి చెప్పేదాన్ని.

ఆయన చెడ్డవారని రాయలేను. చేతులు మంచివి. కాన్పు కష్టమైనప్పుడు ఆయన గదిలోకి అడుగుపెడితే మాకు ఊపిరాడేది. మిరపకోతలకు వచ్చిన కూలీల దగ్గర ఫీజు తీసుకునేవారు కాదు. కాకపోతే, కావలసిన వేళకు ఆ చేతులు వేరే ఊళ్ళో ఉండేవి.

ఆ రోజు ఒక మిర్చి రైతు కోడలు తొలికాన్పుకు చేరి ఉంది. ఆపరేషనుకు మధ్యాహ్నం ముహూర్తం పెట్టించుకున్నారు. అప్పటికి వస్తానని డాక్టరుగారు పొదిలి వెళ్ళారు. పొద్దున్నే ఆ అమ్మాయికి నొప్పులు మొదలై ఉమ్మనీరు పోయింది. నీరు పచ్చగా ఉంది. అంటే లోపల బిడ్డ ఇబ్బంది పడుతూ ఉండొచ్చు. ఫోను చేసి చెప్పాను.

"ముహూర్తం మధ్యాహ్నం కదా, కంగారెందుకు? సెలైను పెట్టు. దారిలో ఉన్నానని చెప్పు" అన్నారు. ఆయన వెనక ఎవరో పేషెంట్ల పేర్లు పిలుస్తున్నారు. ఆ పిలుపు నాకు స్పష్టంగా వినిపించింది.

అయినా చెప్పాను. అమ్మాయి అత్తగారు నమ్మింది. సెలైను సగమయ్యేదాకా నేనూ నమ్మినట్టే కూర్చున్నాను. అప్పుడు బిడ్డ గుండె చప్పుడు విన్నాను. నెమ్మదించింది. కాసేపాగి వింటే ఇంకా నెమ్మదించింది. ఈసారి డాక్టరుగారు ఫోను ఎత్తలేదు.

అంబులెన్సును పిలిచి, అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరు దారిలో లేరు, పొదిలిలోనే ఉన్నారు, ఒంగోలు పెద్దాసుపత్రికి ఇప్పుడే వెళ్ళాలి అన్నాను. ఆవిడ కదల్లేదు. ఒంగోల్లో వెళ్ళగానే కోసేస్తారు, ముహూర్తం తప్పిపోతుందంది. పెద్దకోడలి బిడ్డ వేళ చూసుకోకుండా పుట్టి దక్కలేదట. ఆవిడది మొండితనం కాదు, భయం. దానిముందు నా చదువు చెల్లదని అర్థమై, ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారి నంబరు అడిగి నేనే ఫోను చేశాను.

"ముహూర్తం కాస్త ముందుకు జరపాలండీ" అన్నాను.

"అది బల్లా, కుర్చీనా అమ్మా, జరపడానికి?"

"ఊరు మారితే లగ్నం మారదా అండీ? ఇప్పుడు కాన్పు ఒంగోల్లో."

"మారుతుంది. మహా అయితే నిమిషం, రెండు నిమిషాలు."

"ఆ నిమిషాలకి మీరు కొంచెం కలిపివ్వండి. చీర కొన్నవాళ్ళకి జాకెట్టుముక్క కలిపినట్టు."

"బిడ్డకి ప్రమాదమా?" అని అడిగారాయన. అవునన్నాను. ఫోను ఆవిడకివ్వమన్నారు. ఆయన గొంతు నాకూ వినిపించింది. "బిడ్డ బతికాక కదమ్మా నేను జాతకం రాసేది. లే, బయల్దేరు."

ఆవిడ లేచింది. స్ట్రెచరు మీద ఆ అమ్మాయి నా చెయ్యి వదల్లేదు. నేనూ అంబులెన్సు ఎక్కాను. ఒంగోల్లో నేరుగా ఆపరేషను గదికి తీసుకెళ్ళారు. ఆడపిల్ల పుట్టింది. ఆలస్యంగా ఏడ్చింది.

పాప తండ్రి జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు చేశాడు. విచారణకు ముందురోజు సాయంత్రం డాక్టరుగారు నన్ను పిలిచారు. తన కుర్చీలో కాకుండా పేషెంట్ల స్టూలు మీద కూర్చుని ఉన్నారు. "ముహూర్తం కోసం వాళ్ళే ఆగారని చెప్పు సిస్టర్. అబద్ధం కూడా కాదుగా" అన్నారు. నిజమే, సగం నిజం. నా సర్టిఫికెట్లు ఆయన బీరువాలో ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. ఆయన ఆ ఊసెత్తలేదు. ఆయన మొహం చూస్తే జాలేసింది. ఆ పూట మాత్రం నేను బేరానికి దిగలేదు. జరిగింది జరిగినట్టే చెబుతానన్నాను. మర్నాడు అలాగే చెప్పాను.

డాక్టరుగా ఆయన రిజిస్ట్రేషనును అధికారులు కొంతకాలం ఆపేశారు. నర్సింగ్ హోము మూతపడింది. అక్కడి ఆయాలిద్దరికీ పని పోయింది. వాళ్ళలో ఒకామె బస్టాండులో కనపడి, "నీకేం తల్లీ, చదువుకున్నదానివి, ఎక్కడైనా బతుకుతావు" అని మొహం తిప్పుకుంది. సర్టిఫికెట్లు మాత్రం డాక్టరుగారే తెచ్చిచ్చారు. మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నేను అడగకముందే.

ఇప్పుడు ఒంగోల్లోనే పనిచేస్తున్నాను. పుట్టేవేళ మెదడుకు ఊపిరి చాలలేదట, ఆ పాపకు కుడిచెయ్యి సరిగా లేవదు. వ్యాయామాలు చేయించడానికి వాళ్ళమ్మ తీసుకొస్తుంటుంది. వచ్చినప్పుడల్లా నన్ను చూసి వెళ్తుంది. ఒకసారి అడిగింది.

"అక్కా, ఆ పొద్దున్నే పంపించేసుంటే దీని చెయ్యి బాగుండేదా?"

డాక్టరు, అత్తగారు, ముహూర్తం అంటూ తలా కొంత పంచేస్తే నా వంతు కనపడకుండా పోయేది. ఆ విద్య నాకు వచ్చు.

"ఖాయంగా చెప్పలేనమ్మా. బాగుండేదేమో. ఆయన రావట్లేదని నాకు తెలుసు. తెలిసీ, వస్తున్నారని చెప్పి కూర్చోబెట్టాను" అన్నాను.

ఆ అమ్మాయి పాపను భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. తర్వాత వారం వచ్చింది గానీ నా వైపు రాలేదు.

డాక్టరుగారి లెక్క అధికారులు తేల్చారు. నా లెక్క ఎవరూ అడగలేదు కాబట్టి నేనే తేల్చుకోవాలి. పాప బతికింది. అందులో నా వంతు కొంత ఉంది, కాదనను. ఆ చెయ్యి అలా అవడంలోనూ ఉంది. సెలైను సగమయ్యేదాకా నేను కూర్చున్న ఆ కాసేపు ఎవరి ఖాతాకీ పోదు, నాదే.