కొంగులో చిలకపచ్చ గీత

మా నాయనతో తిరునాళ్లకు పోతే దేవుణ్ణి చూసేది తక్కువ, చీరలు చూసేది ఎక్కువ. బుద్ధెరిగినప్పటి నుంచీ గుంట మగ్గంలో కూర్చున్న మనిషి. అంగళ్ల ముందు ఆగడు, రంగులరాట్నం వైపు తలెత్తడు. ఎదురొచ్చే ఆడవాళ్ల చీర అంచులు చూసుకుంటూ, "ఇది మిషన్‌ది. ఇదీ మిషన్‌దే" అని గొణుక్కుంటూ నడుస్తాడు. పక్కన నడిచే మాకు తల కొట్టేసినట్టుంటుంది.

ఆ ఎండాకాలం కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లె తిరునాళ్లకు అమ్మ, నాయన, నేను బస్సులో పోయాం. ఎండ మాడు పగలగొడుతోంది. దిగగానే నన్నారి షర్బత్ తాగాం. ఒకవైపు బండలాగుడు పోటీ జరుగుతోంది, మైకులో ఒకాయన ఎద్దులకంటే ఎక్కువ రొప్పుతున్నాడు. నేను చేతుల నిండా గాజులు వేయించుకున్నాను. అమ్మ జనంలోకి వచ్చినప్పుడు ఎప్పుడూ చేసినట్టే కొంగు బిగించి నడుములో దోపుకుంది. పూలపూల పాలిస్టర్ చీర ఆమెది. మగ్గం ఇళ్లలో ఆడవాళ్లు కట్టేది అవే. నూలు షావుకారుది కాబట్టి నేసిన చీర కూడా షావుకారుకే పోతుంది. ఆ తర్వాత అది ఏ ఊరు చేరిందో, ఎవరు కట్టారో మాకు తెలియదు.

తెలియకపోవడం నాయనకు అలవాటే, ఒక్క చీర విషయంలో తప్ప. అంతకు ముందు ఏడాది తంగేడుపువ్వు రంగు చీరకు మిరపపండు రంగు అంచు నేస్తూ, కొంగులో తన సొంత బుద్ధితో చిలకపచ్చ గీత ఒకటి వేశాడు. షావుకారు విప్పి చూసి, "ఏమప్పా, ఈ గీత సూసి ఎవురు కొంటారు? చెప్పింది నెయ్యి, చాలు" అన్నాడు. ఆ రోజు నుంచి నాయన షావుకారు చెప్పిందే నేశాడు. ఆ చీర ఎవరైనా కట్టారా, అంగట్లో మూలన పడి ఉందా అన్న దిగులు మాత్రం పోలేదు. అన్నం తింటూ తింటూ, "ఆ గీత బాగలేదంటావా?" అని అమ్మను అడిగేవాడు. "నూలు కండెలు సుట్టేదాన్ని, నాకేం తెలుసు" అనేది అమ్మ.

మధ్యాహ్నం ఒక చెట్టు నీడన కూర్చుని ఉగ్గాని, బజ్జీలు తింటున్నాం. నాయన చేతిలో బజ్జీ నోటిదాకా పోయి ఆగిపోయింది. జనంలో ఒకామె పోతోంది. తంగేడు రంగు చీర, వీపు మీద కొంగు, కొంగులో పచ్చ గీత. నేను చూసేలోగా నాయన లేచి పోయాడు. పిలిచి అడగాలి కదా! పిలవలేదు. నేతగాళ్లకు గుడ్డ కనబడితే వేళ్ల మధ్య పెట్టి నలిపి చూడందే నమ్మకం కుదరదు. ఆమె కొంగు పట్టుకుని నలిపాడు.

ఆమె గిరుక్కున తిరిగింది. "ఏం ముసలోడా, పట్టపగలు కొంగు పట్టుకుంటాండావు? ఒళ్లు బలిసిందా?" పడమటి పల్లెల్లో సేద్యం చేసుకునే మనిషని ఆ గొంతులోనే తెలిసిపోయింది. జనం మూగారు. నాయన చేతిలో కొంగు ఇంకా వదల్లేదు. నాకు ప్రాణం చచ్చిపోయింది. అమ్మ బజ్జీల పొట్లం నా చేతిలో కుక్కి పరుగెత్తింది.

"కోప్పడొద్దమ్మా. మా ఆయన మగ్గం నేస్తాడు. నువ్వు కట్టుకునింది ఆయన నేసిందే. ఎవురన్నా కట్టినారో లేదో అని ఏడాదిగా నా పాణం తీస్తాండాడు."

ఆమె నాయనను ఎగాదిగా చూసింది. "ఈ గీత నువ్వేసిందేనా?"

నాయన తలూపాడు.

"అంగట్లో గుట్ట మాదిరి పోసినారు చీరలు. ఈ పచ్చ గీత సూసే ఇది తీసుకుంటి. మా ఊర్లో ఎవురికీ ఇట్లాది లేదు" అని నవ్వింది. అంతటితో ఆగకుండా కొంగు చాపి, కొత్త గౌను వేసుకున్న పిల్ల మాదిరి ఒక చుట్టు తిరిగి చూపించింది. మూగినవాళ్లు ఈలలు వేశారు. నాయన కళ్లు తుడుచుకుంటూ, "అంచు ఇంకొంచెం బిగి ఉండాల్సింది" అన్నాడు. పొగడ్త మింగుడుపడని మనిషి! నాకు ఎంత సంతోషమైందో, ఆ మాటకు అంత ఒళ్లు మండింది.

పోతూ పోతూ ఆమె అమ్మ పాలిస్టర్ చీర వైపు చూసి, "మరి నీకేం నేసిచ్చినాడమ్మా?" అని అడిగింది.

అమ్మ నవ్వేసింది. నాయన ముఖంలో అప్పటిదాకా ఉన్న కళ పోయింది.

సాయంత్రం తిరుగు బస్సెక్కాం. నాయన కిటికీ వైపు చూస్తూనే, "నీకే రంగు కావాల?" అని అమ్మను అడిగాడు.

"వంకాయ రంగు. అంచు ఆవపువ్వు రంగు. కొంగులో ఆ పచ్చ గీత, ఒకటి గాదు, రెండు" అంది అమ్మ, ఊపిరి తీసుకోకుండా. ఎన్నేళ్ల నుంచి మనసులో నేసి పెట్టుకుందో! నాకేం తెలుసు అనే మనిషి ఈమేనా అని నేను నోరు తెరిచాను.

నాయన తనే నూలు కొన్నాడు, షావుకారు పని అయిపోయాక కూర్చుని నేశాడు. నిరుడు అదే తిరునాళ్లకు అమ్మ ఆ వంకాయ రంగు చీర కట్టుకుని వచ్చింది. నాయన ఈసారి ఎవరి అంచులూ చూడలేదు. అమ్మ వెనకనే, కొంచెం దూరంలో నడిచాడు.

"సూసింది చాల్లే, ముందుకు రా, జనం నవ్వుతాండారు" అంది అమ్మ. అంత తోపులాటలోనూ కొంగు మాత్రం నడుములో దోపుకోలేదు.