మునిగిన హంసలు

మా డ్రాయింగు మాస్టారు పోయారు. సామర్లకోటలో కబురందగానే, మండపేట పక్కనున్న మా ఊరికి బస్సెక్కాను. దారంతా ఏడుపు రాలేదు, ఆయన తిట్లే గుర్తొచ్చాయి.

మాస్టారి నోరు మంచిది కాదు. తొమ్మిదో తరగతిలో నేను కాలవగట్టు బొమ్మ వేసి చూపిస్తే, "ఇది నీరా అమ్మాయ్, సిమెంటు రోడ్డా? సైకిలు తొక్కొచ్చు దీనిమీద" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగితే, తుడుచుకోవద్దన్నారు. కాగితం మీద పడితే తడంటే ఏంటో దానికైనా తెలుస్తుందట! ఛీ, ఏం మనిషి అనుకున్నాను. ఆ సాయంత్రమే కాలవకి తీసుకెళ్ళి, నీళ్ళలో తాడిచెట్టు ఎందుకు వెలిసిపోయి వణుకుతుందో, అవతలి గట్టు ఎందుకు పాలిపోతుందో చీకటి పడేదాకా చూపించారు. ఇవాళ నేను పిల్లలకు బొమ్మలు నేర్పి బతుకుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

ఆయన మనసుపడి వేసింది ఒక్కటే. మా చర్చిలో నీళ్ళలో ముంచి బాప్తిస్మమిచ్చే తొట్టి వెనక గోడమీద, ఏసు బాప్తిస్మం పొందిన యొర్దాను నది. యొర్దానును ఆయనెక్కడ చూశారు? పట్టిసీమ గోదారినే వేశారు. పూరిపాక, కట్టేసిన నాటుపడవ, పొగమంచులో కరిగిపోయే కొండలు. ఒడ్డు దాకా వేసి ఆపేశారు. ఆ కింది గోడ తొట్టిలోకి దిగిపోతుంది. నీళ్ళు నింపితే ఒడ్డు నీడ దానంతటదే పడుతుంది కదా, నేను వేయడమెందుకు అని ఆయన ఆలోచన.

సంఘ పెద్ద వచ్చి, ఎండిన తొట్టి చూసి, సగంలో వదిలేశారేంటండి అన్నారు. బాప్తిస్మాల రోజు నీళ్ళు పెట్టాక చూడమన్నారు మాస్టారు. ఆగితేగా! బోర్డులు రాసేవాణ్ణి పిలిపించి, ఖాళీగా ఉన్న కింది గోడకి నీలం పూయించి, రెండు హంసల్ని వేయించారు పెద్దగారు. బాప్తిస్మాల రోజు తొట్టి నింపారు. హంసలు నీటి అడుగున పడ్డాయి.

జనం పగలబడి నవ్వారు. హంసల్ని ముంచిన మాస్టారన్న పేరు ఆయనకే పడింది. పెద్దగారు నోరు విప్పలేదు. మమ్మల్ని అన్నేసి మాటలన్న మనిషి కూడా విప్పలేదు, వెనక బెంచీలో తలొంచుకు కూర్చున్నారు. ఆ తర్వాత బ్రష్షు ముట్టలేదు.

నిన్న ఆయన శవపెట్టెను ఆ తొట్టి ముందే పెట్టారు. తొట్టి ఎండి ఉంది. అదే పెద్దగారు మైకు పట్టుకుని, "ఆ హంసలకి ప్రాణం పోసిన చేతులండీ ఇవి" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయి లేవబోయాను. మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"ఊరుకో అమ్మా. ఆయన వినరులే ఇంక."

అందరూ ఆమేన్ అన్నారు. తలలన్నీ హంసల వైపే తిరిగాయి. వాటి పైన కొండలు, పాక, పడవ మాస్టారు వేసినట్టే ఉన్నాయి. వాటి నీడ పడడానికి తొట్టిలో చుక్క నీళ్ళు లేవు.